వేసవిలో గండికోట: లోయ అంచుకు ఒంటరిగా ఏ వేళకు వెళ్ళాలి?

జమ్మలమడుగు చుట్టుపక్కల అన్నలు, అక్కలు కాస్త చెప్పండి. ఏప్రిల్‌లో పెద్దమ్మోళ్ళింటికి వస్తున్నా. పగలంతా ఇంట్లోవాళ్ళతోనే. తెల్లవారకముందే బైక్ మీద గండికోట వెళ్ళి, తొమ్మిదిన్నరకల్లా టిఫిన్‌కు తిరిగి రావాలని ఆలోచన. ఎండెక్కితే పెన్నా లోయ అంచున ఎర్రబండలు కాలుతాయి, అక్కడ నీడ దొరకదు. ఆ తర్వాత జుమ్మా మసీదు, మాధవరాయ గుడి దగ్గరే ఆగాలి. మూడు లీటర్ల నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ, పట్టున్న బూట్లు సర్దుకుంటున్నా.

ఒంటరిగా ఏటిదాకా దిగడానికి నమ్మదగిన బాట ఉందా? అడుగు పెడితే జారే విడిరాళ్ళే నా భయం. లేకుంటే అంచు మీదే ఉంటా.

ఇంకోటి, బెలూం గుహలకు జేజిని కూడా తీసుకుపోవాలి. సందర్శకులకు తెరిచింది సుమారు కిలోమీటరున్నర, లోపల ఒకటే ఉక్క. మోకాళ్ళ నొప్పులున్నామె మెట్లు దిగాక ఎంతదూరం నడవగలదు, మధ్యలో కూర్చునే చోటుందా?