క్యాపర్ మార్చాం, అయినా షిఫ్ట్‌కు అవే 15 వేల బాటిళ్లు. ఎక్కడ పోతోంది?

లైన్‌కష్టాలు: పొద్దున ఆరింటి నుంచి దీంతోనే కుస్తీ. నిమిషానికి 40 మూతలు బిగించే పాత క్యాపర్ తీసేసి 60 బిగించేది పెట్టాం. షిఫ్ట్ చివర కౌంటర్ చూస్తే 15,300. పాతదానితో 15,000 వచ్చేవి! విడిగా నడిపితే 60 ఠంచనుగా వస్తున్నాయి, లైన్‌లో కలిపితే మాత్రం ఆగుతూ నడుస్తూ ఉంది. సర్వో మోటార్ సెట్టింగులు మూడుసార్లు చూశాను, మెషిన్లను నడిపే కంట్రోలర్‌లో (పీఎల్‌సీ) ఒక్క అలారం కూడా లేదు. పైవాళ్లు గంటకోసారి వచ్చి నెత్తిన నిలబడుతున్నారు. టెన్షన్‌తో చస్తున్నా, ఎవరికైనా ఇలా అయిందా?

13 నంబర్ పానా: క్యాపర్‌కు ముందు బాటిళ్లు నింపే ఫిల్లర్ స్పీడెంత?

లైన్‌కష్టాలు: 45. అది బాగానే నడుస్తోందండీ, దాంతో సమస్య లేదు.

13 నంబర్ పానా: 45 నింపితే మిగతా 15 మూతలు దేనికి బిగిస్తుంది, గాలికా?

టాక్ట్ మాస్టారు: అందరూ స్పీడంటారు, టాక్ట్ టైమ్ మాత్రం, అంటే గిరాకీ తీరాలంటే ఎంతసేపటికి ఒకటి రావాలో, ఎవరూ లెక్కేయరు. విరామాలు పోను షిఫ్ట్ 450 నిమిషాలనుకుందాం, అంటే 27,000 సెకన్లు. షిఫ్ట్‌కు కావాల్సింది 18,000 అయితే బాటిల్‌కు ఒకటిన్నర సెకను. మీ ఫిల్లర్ 1.33 సెకన్లకే ఒకటి ఇస్తోంది, కాబట్టి దాన్ని తిట్టక్కర్లేదు. ఆ లెక్కన పాత క్యాపర్ కూడా ఆగకుండా నడిస్తే సరిగ్గా సరిపోయేది. టాక్ట్ అంటే జర్మన్‌లో తాళం, పాటకు వేసే తాళమే. గిరాకీ వేసే తాళానికి లైన్ నడవాలి.

నైట్‌షిఫ్ట్: మా దగ్గర మెషిన్ ఒక ముక్క చేసే టైమ్‌నే టాక్ట్ అంటాం మాస్టారూ.

టాక్ట్ మాస్టారు: అది సైకిల్ టైమ్.

నైట్‌షిఫ్ట్: బోర్డు మీదే రాసుంది, టాక్ట్ అని.

టాక్ట్ మాస్టారు: బోర్డు మీద రాస్తే నిజమైపోతుందా?

బెల్టు కాపలా: మీరిద్దరూ కాసేపు ఆగండి. అలారం లేకుండా ఆగుతోందంటే చెడిపోయి కాదు, బయటి సిగ్నల్ ఏదో ఆపుతోంది. క్యాపర్ తర్వాత ఏముంది?

లైన్‌కష్టాలు: లేబుళ్లు అంటించే లేబులర్. మధ్యలో మీటరు బెల్టు. అందరికీ అలాగే ఉంటుంది కదా అని రాయలేదు. లేబులర్ మూతి దగ్గర, బెల్టు నిండిందని చెప్పి క్యాపర్‌ను ఆపే సెన్సర్ ఉంది, పాతదానికీ అదే. లేబులర్ అప్పుడప్పుడు ఐదు సెకన్లు ఆగి దానంతటదే మొదలవుతుంది, అది మామూలే. కొత్త క్యాపర్ ఆగితే మాత్రం మళ్లీ స్పీడ్ అందుకోవడానికి 10 సెకన్లు పడుతుంది.

బెల్టు కాపలా: ఇది మొదటే చెప్పాల్సింది అన్నా. బాటిల్ వెడల్పు 70 మిల్లీమీటర్లనుకుంటే మీటరు బెల్టు మీద 14 పడతాయి. మీ సెన్సర్ లేబులర్ మూతి దగ్గరుంది కాబట్టి అక్కడ ఒకటి రెండు నిలిస్తే చాలు, వెనక పన్నెండింటికి చోటున్నా క్యాపర్ ఆగిపోతుంది. ఐదు సెకన్ల ఆగుడు కాస్తా పదిహేను అవుతోంది. ఆ ఐదు సెకన్లలో వచ్చేవి నాలుగు బాటిళ్లే, వాటిని బెల్టే మోయగలదు. సెన్సర్‌ను క్యాపర్ వైపు జరపండి. మరీ అంటించొద్దు, క్యాపర్ ఆగేలోపు బయటికొచ్చే మూడు నాలుగింటికి చోటుండాలి. బాటిల్ ఒక సెకను కదలకుండా నిలిస్తేనే ఆపేలా పీఎల్‌సీలో టైమర్ పెట్టండి, లేకపోతే దాటిపోయే ప్రతి బాటిల్‌కూ ఆగుతుంది. బాటిల్ పారదర్శకమైతే మామూలు సెన్సర్ ఒక్కోసారి చూడదు, అదీ గమనించండి.

13 నంబర్ పానా: లేబుల్ రోల్ మార్చడానికి ఎంతసేపు?

లైన్‌కష్టాలు: రెండు నిమిషాలు.

13 నంబర్ పానా: అంటే 90 బాటిళ్లు. ఆరు మీటర్లు పైనే కావాలి. ఆ మీటరు బెల్టు దానికి చాలదు.

లైన్‌కష్టాలు: సెన్సర్ జరిపాం. నిన్న 17,100. రోల్ మార్చేటప్పుడు ఇంకా ఆగుతోంది, దాని సంగతి తర్వాత. థ్యాంక్స్.

నైట్‌షిఫ్ట్: మాస్టారూ, మా బోర్డు ఫొటో పెట్టనా?