‘రవి గాంచనిచో’: చివర ‘కదా’ ఉన్నదా?

సీతమ్మధార నుండి:
మిత్రులకు నమస్కారం. మధ్య పరారుణ లేజర్లపై తెలుగులో ఒక ప్రసంగం సిద్ధం చేస్తున్నాను. ‘రవి గాంచనిచో కవి గాంచునే’ అన్న నానుడితో మొదలుపెట్టాలని ఉన్నది గాని, చివర ‘కదా’ ఉన్నదో లేదో ఎంతకీ గుర్తు రావడం లేదు. నియోడిమియం లేజరు నేరుగా చేరలేని 3, 4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల తావుకు లిథియం నయోబేట్ అనే స్ఫటికం ఆ లేజరు కాంతిని మార్చి చేరుస్తుంది కనుక ‘చో’ను చోటు అనే అర్థంలోనే, అంటే రవి చూడని చోటును కవి చూస్తాడని తీసుకున్నాను.

గాజువాక నుండి:
‘ఒకచో’, ‘ఎచ్చో’లలో అది స్థలవాచకమే, కాని ‘వచ్చినచో’లో షరతు. ఇక్కడా షరతుగా తీసుకొని, ‘గాంచునే’లోని ఏకారాన్ని ప్రశ్నగా చదివితే, రవే చూడకపోతే కవి మాత్రం చూడగలడా అని అర్థం తిరగబడుతుంది. మీ స్ఫటికానికి ఈ అర్థమే తగినదని నా అభిప్రాయం. పంప్ కాంతి, అంటే బయటి లేజరు నుండి లోపలికి పంపే కాంతి, లేనిదే లిథియం నయోబేట్ ఏమీ ఇవ్వదు. నియోడిమియం లేజరు ఇచ్చే 1.064 మైక్రాన్ల ఫోటాన్ (కాంతి కణం) ఒకటి, సిగ్నల్ అనే 1.57 మైక్రాన్ల ఫోటాన్‌గా, ఐడ్లర్ అనే 3.30 మైక్రాన్ల ఫోటాన్‌గా చీలినప్పుడు ఆ రెండింటి శక్తుల మొత్తం మొదటి ఫోటాన్ శక్తికి సరిగ్గా సమానం.

మద్దిలపాలెం నుండి:
గాజువాక వారు శక్తి పద్దు దగ్గరే ఆగిపోయారు. ఆ చీలిక ఎక్కడ జరగాలో నిర్ణయించేది స్ఫటికం. పంపు, సిగ్నల్, ఐడ్లర్ అనే మూడు తరంగాల దశలు పొందిక తప్పకుండా సాగే జంటే బలపడుతుంది కనుక, సుమారు 30 మైక్రాన్ల ఆవర్తనంతో స్ఫటికపు విద్యుత్ ధ్రువణ దిశను తిరగవేసిన లిథియం నయోబేట్‌లో ఆ ఆవర్తనాన్ని గాని, ఉష్ణోగ్రతను గాని మార్చి మనకు కావలసిన తరంగదైర్ఘ్యాన్ని రాబట్టవచ్చు. 1965లో బెల్ ప్రయోగశాలల్లో జోర్డ్‌మైన్, మిల్లర్ తమ పారామెట్రిక్ ఆసిలేటర్‌ను (ఈ చీలికతో పనిచేసే కాంతి జనకాన్ని) ఉష్ణోగ్రతతోనే శ్రుతి చేశారు, అయితే అది ఇచ్చిన కాంతి ఒక మైక్రాన్ పరిసరాల్లోనిది. మీథేన్ గట్టిగా శోషించే 3.3 మైక్రాన్ల వద్దకు కాంతిని జరిపి, మన విశాఖ రిఫైనరీ వంటి చోట కంటికి కనిపించని లీకును పట్టగలిగితే అది కవి చూపే. ఏకారం ముమ్మాటికీ ప్రశ్న కాదు, నొక్కి చెప్పే అవధారణార్థకం.

పెందుర్తి నుండి:
అయ్యా, అర్థం సంగతి తరువాత చూద్దాం, ముందు గురులఘువులు వేయండి. ‘కదా’తో కలిపి పదమూడక్షరాలు వస్తాయి, అవి ఉత్పలమాల పాదం చివరి పదమూడింటితో అచ్చంగా సరిపోతాయి. చంపకమాలకూ అంతే. యతి ‘గాం’ మీద పడుతుంది కనుక, ఇది నిజంగా పద్యపాదమే అయితే, మనకు దొరకని ఆ పాదారంభం కకారంతోనో గకారంతోనో మొదలై ఉండవచ్చు. పెద్దలెవరికైనా ఆ ముందు భాగం తెలిస్తే దయచేసి చెప్పండి.

గాజువాక నుండి:
గణాలు ‘కదా’ను నిలబెడతాయి, ఒప్పుకుంటాను. ‘చో’ మాత్రం షరతుగానే ఉంటుంది. పరారుణంలో ఇంకా పొడవైన తరంగదైర్ఘ్యాలకు వాడే జింక్ జెర్మేనియం ఫాస్ఫైడ్ అనే మరో స్ఫటికాన్ని చూడండి: అది 1 మైక్రాన్ కాంతిని తానే మింగేస్తుంది కనుక 2 మైక్రాన్ల పంపును వెదకవలసి వస్తుంది. తగిన రవి లేనిచో ఆ కవికి చూపు లేదు.

మద్దిలపాలెం నుండి:
లిథియం నయోబేట్ 5 మైక్రాన్లు దాటి చూడలేదు, మీరు చెప్పిన జింక్ జెర్మేనియం ఫాస్ఫైడ్ చూస్తుంది. పంపు ఏదైనా, చోటును బట్టే కవిని ఎన్నుకుంటున్నాం కదా!