సమస్య: ఓడలో నోడినట్టివాఁ డోడలేదు

నిర్వాహకుడు:

మిత్రులారా, విహారనౌకలో ఏడు రాత్రులు గడిపి వచ్చిన మా బావగారు, దిగే రోజున ఓడవారు చేతికిచ్చిన లెక్కల కాగితాన్ని మొన్న నా ముందు పరిచారు. పానీయాల వరుసలో ఉన్న సున్నాను చూపుడువేలితో చూపి మురిసిపోతున్నంతసేపూ ఆయన బొటనవేలు ఆ కింది వరుసను కప్పి ఉంచింది. ఆ కింది వరుస జూదశాలది. నేటి సమస్యకు ఆ బొటనవేలే మూలం.

ఓడలో నోడినట్టివాఁ డోడలేదు

ఈ పాదం చివర వచ్చేలా మిగిలిన మూడు పాదాలూ కూర్చడమే పూరణ. అందులో జూదమాడేవారికి ఓడవారు పోసే ఉచితపానం తప్పక రావాలి. ధర్మరాజును, నలుణ్ణి దయచేసి ఓడ ఎక్కించవద్దు. వారిద్దరూ మన పూరణలలో ఇప్పటికే చాలాసార్లు ఓడారు. ఓ–డో యతి (పాదం మొదటి అక్షరానికీ నాల్గవ గణం మొదటి అక్షరానికీ కుదరవలసిన పొత్తు) అచ్చునుబట్టి చెల్లే స్వరప్రధానయతి కనుక దాని గురించి ఎవరూ ఉత్తరం రాయనక్కరలేదు.

ముత్యాలసరం:

పందెమందున ధనమెల్ల పారిపోవ
నుచితముగ వచ్చు పాత్రల నూడ్చి త్రాగి
యిచ్చుటకుఁ గొనుటకుఁ జెల్లె నింతె కాదె!
ఓడలో నోడినట్టివాఁ డోడలేదు

గణగణ:

ముత్యాలసరం గారు, 'ఊడ్చి త్రాగి' అన్నచోట గ్లాసు అడుగున మంచుముక్కల చప్పుడు కూడా వినిపించింది. పద్యం నడక బాగున్నది కాని మూడవ పాదంలోని లెక్క నాకు మింగుడుపడలేదు. మూడుసార్లు ఓడ ఎక్కి, మూడుసార్లూ ఆ బల్లల దగ్గర కూర్చున్నవాణ్ణి కనుక చెబుతున్నాను. ఇచ్చినదానికీ పుచ్చుకొన్నదానికీ అక్కడ ఎన్నటికీ చెల్లు కాదు, ఎందుకంటే పోసే పానం మన నష్టంలోనుంచి తీసిన ఒక చిన్న వాటా మాత్రమే.

గుండు ఏ అంకె గడిలో ఆగుతుందోనని పందెం కాసే రూలెట్ చక్రాన్ని, అందులోనూ రెండు సున్నాలున్నదాన్ని తీసుకోండి. గళ్లు 38, చెల్లింపు మాత్రం 36 గళ్లున్నట్టుగా ఉంటుంది, కాబట్టి కాసిన ప్రతి నూటిలో సగటున 5.26 జూదశాలకు మిగులుతుంది. ఒకే సున్నా ఉండి గళ్లు 37 అయితే 2.70 మిగులుతుంది. రెండు సున్నాల చక్రంమీద పందానికి 10 డాలర్లు కాస్తూ గంటకు 40 సార్లు ఆడేవాడు 400 డాలర్లు బల్లమీద తిప్పినట్టు, అందులో దాదాపు 21 డాలర్లు పోగొట్టుకుంటాడని ఓడవారు ముందే లెక్కగట్టుకున్నట్టు. ఆ అంచనా నష్టాన్నే వాళ్లు 'థియో' అని ముద్దుగా పిలుచుకుంటారు. గ్లాసు నిండేది ఆ 21లో ఒక భాగంతోనే కాని, వాళ్ల జేబులోనుంచి కాదు.

చిరుగజ్జె:

పెద్దలు క్షమించాలి. 'ఊడ్చి త్రాగి'లో 'త్రా' ముందున్న 'చ్చి' గురువు కాదా? అప్పుడు నాల్గవ గణం చెడదా?

విసంధి:

అమ్మా చిరుగజ్జె, మొదట ఆ అక్షరం 'డ్చి'. రెండవది, 'త్రాగి' వేరే తెలుగు మాట, సమాసంలో భాగం కాదు, కాబట్టి ముందున్నది లఘువుగానే ఉంటుంది. ముత్యాలసరం గారి పద్యంలో గణదోషం వెతకడం వృథా ప్రయాస. ఆవిడ దోషాలన్నీ లోకజ్ఞానంలోనే ఉంటాయి.

ముత్యాలసరం:

విసంధి గారి మెచ్చుకోలును కళ్లకద్దుకొని తీసుకున్నాను. గణగణ గారి లెక్కకు తల వంచుతున్నాను, అయితే ఇంత లెక్క తెలిసినవారి పూరణ ఏదీ?

గణగణ:

ఇదిగో.

ధనము కొంత పోయిన నేమి? తన వివేక
మమ్ముకొనలేదు మధువున కతఁడు, లేచి
గదికిఁ బోయి తన తెలివినిఁ గాచుకొనెను;
ఓడలో నోడినట్టివాఁ డోడలేదు

గ్లాసును అంత ఉదారంగా ఎందుకు పోస్తారో నాలుగవ గ్లాసు తరువాత అర్థమవుతుంది. చేతిలో, డబ్బుకు బదులు పందెం కాసే బిళ్లల బరువు తెలియదు, గోడకు గడియారం కనిపించదు, పందెం రెట్టింపు చేయడం ధైర్యంలాగా తోస్తుంది. నా కథానాయకుడు డబ్బు ఓడాడు కాని ఆ ఆట ఓడలేదు.

విసంధి:

రెండవ పాదంలో 'మ'కు 'క' యతి అని ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను. 'అమ్ముకొన', 'అతఁడు' అని విడదీసి చూచిన తరువాత స్థిమితపడ్డాను. మూడవ పాదంలో స్థిమితానికి అవకాశం లేదు. 'గదికిఁ–బోయిత–నతెలివి' అని వచ్చేసరికి యతిస్థానంలో 'గా' ఉండవలసిన చోట 'ని' కూర్చున్నది. ఒక్క లఘువు ఎక్కువైంది.

ముత్యాలసరం:

నా లెక్క తప్పు పట్టినవారి పద్యంలో ఒక లఘువు ఉచితంగా వచ్చిందన్నమాట! ఉచితంగా వచ్చినదానికి వెల ఎలా చెల్లిస్తామో ఇప్పుడు స్పష్టంగా తెలిసింది, ఇక్కడ యతి పోయింది.

గణగణ:

అపరాధం ఒప్పుకుంటున్నాను. 'గదికిఁ బోయెను తెలివినిఁ గాచుకొనుచు' అని సవరించవలసిందిగా నిర్వాహకులకు మనవి. 'తన' రెండుసార్లు రావడం కూడా దీనితో పోతుంది.

తెరచాప:

ఆలస్యంగా వచ్చాను.

రాత్రి యంతయు నుచితపు రసము గ్రోలి
రేవులో దిగి నిదురించి రెప్ప విప్పి
పరుగు పరుగున దరిఁ జేరి పాఱఁజూచె
నోడలో నోడినట్టివాఁ, డోడ లేదు!

చిరుగజ్జె:

అయ్యబాబోయ్! 'ఓడ లేదు'! నాలుగుసార్లు చదివాక గాని విఱుపు తట్టలేదు.

నిర్వాహకుడు:

సమస్య ఇస్తున్నప్పుడు ఈ విఱుపు నాకు తోచనేలేదని బహిరంగంగా ఒప్పుకుంటున్నాను. బావగారికి చదివి వినిపిస్తే ఆయన నవ్వలేదు, దాన్నిబట్టి ఇంకేదో జరిగి ఉంటుందని అనుమానం మొదలైంది.

గణగణ:

పద్యంలో విఱుపుకన్న నాకు నచ్చినది దాని కాలక్రమం. ఓడ రేవులో ఆగి ఉన్నంతసేపూ జూదశాల సాధారణంగా మూసే ఉంటుంది. తీరదేశపు చట్టం వర్తించే జలాలు దాటిన తరువాతనే తెరుస్తారు. 1982 నాటి సముద్రచట్ట ఒప్పందం ప్రకారం ఆ హద్దు తీరంనుంచి 12 నాటికల్ మైళ్లవరకు, అంటే 22 కిలోమీటర్లకు కొంచెం పైగా ఉండవచ్చు. కాబట్టి త్రాగడం రాత్రి నడిసముద్రంలో, దిగడం పగలు రేవులో అన్న తెరచాప గారి వరుస సరిగ్గా ఓడ దినచర్యే. ఓడ కూడా ఎవరి నిద్ర తీరేవరకూ ఆగదు.

విసంధి:

అందరి చప్పట్లూ అయిన తరువాత ఒక మాట. మొదటిది, 'ఉచితపు రసము' అంటే నాకు పండ్లరసమే గుర్తుకు వచ్చింది, పండ్లరసం త్రాగినవాడు ఓడ తప్పిపోయేంత నిద్ర పోడు. రెండవది, ఈ పద్యంలో పానం ఉచితం కాకపోయినా, చివరికి జూదమే లేకపోయినా కథ నడుస్తుంది. ఇచ్చిన విషయం అలంకారంగా మిగిలింది. మూడవదే అసలైనది. తెరచాప గారు గెలిచేది పద్యంతో కాదు, కామాతో. 'వాన లేక పొంగె వాగులెల్ల' అన్న సమస్య వచ్చినప్పుడు కూడా మూడవ పాదాన్ని 'ఎగువఁ గురిసె' అని ముగించి, 'వాన. లేక పొంగె వాగులెల్ల?' అని ఒక విరామచిహ్నాన్ని, ఒక ప్రశ్నార్థకాన్ని గుచ్చి బహుమతి పట్టుకుపోయారు. తాటాకులమీద రాసే కాలంలో ఈయన పూరణలు ఏమైపోయేవో!

తెరచాప:

తాటాకు కాలంలో పద్యాన్ని చదివి వినిపించేవారు, విసంధి గారూ. విరామం గొంతులో ఉండేది. 'వాన లేక' ముగిసి ఇన్నాళ్లయినా ఆ వాగు తమ ఇంటిముందే పారుతున్నందుకు విచారిస్తున్నాను. ఇంతకూ తమ పూరణకోసం ఎదురుచూస్తున్నాము.

విసంధి:

విఱుపులు లేకుండా, ఇచ్చిన విషయాన్ని వదలకుండా:

ఒక్క చిన్ని పాత్ర నొసఁగి యోడినటుల
నటనమాడును దాత, యా నష్టమెల్లఁ
బందెగాని సంచిఁ దడవి పట్టుకొనును;
ఓడలో నోడినట్టివాఁ డోడలేదు

ఇక్కడ ఓడినవాడు ఆటగాడు కాడు, ఆతిథ్యమిచ్చే ఓడ యజమాని.

ముత్యాలసరం:

'దాత' అన్న మాట దగ్గర ఆగి నవ్వుకున్నాను, ఈ చర్చలో అంత చల్లగా కోసిన మాట ఇంకొకటి లేదు. 'సంచిఁ దడవి' కూడా కళ్లకు కట్టింది. విసంధి గారు ఓడ ఎక్కకుండానే ఇంత చూశారంటే, ఎక్కితే ఇంకేమి చూసేవారో.

గణగణ:

పద్యం గట్టిది. ఒక్క సందేహం మాత్రం 'నష్టమెల్ల' అన్నచోట ఉన్నది. ఓడిన మనిషి సంచిలోనుంచి గ్లాసు వెల రాబట్టుకుంటారన్న ధ్వని అక్కడ వస్తున్నది. వాళ్లు చూచేది ఆ రాత్రి మనం నిజంగా ఓడామా గెలిచామా అని కాదు, ఎంతెంత కాశాము, ఎంతసేపు కూర్చున్నాము అని. గెలిచినవాడికీ అంతే నిండుగా పోస్తారు, అతడు బిళ్లలు జేబులో వేసుకొని గదికి పోకుండా ఉండాలి గదా.

నేలమీది లాస్ వెగాస్‌లో ఆడుతున్నవాడికి గ్లాసు తెచ్చి ఇవ్వడం ఆనవాయితీ; ఓడలమీద చాలాచోట్ల ముందు ఆడి అర్హత సంపాదించాలి. నేను ఎక్కిన రాయల్ కరీబియన్ ఓడలో స్లాట్ అనే జూదపు యంత్రంలో 5 డాలర్లు తిప్పితే ఒక పాయింటు, 2,500 పాయింట్లకు 'ప్రైమ్' అనే మెట్టు, ఆ మెట్టు ఎక్కినవారికి జూదశాలలో ఆడుతున్నంతసేపూ పానీయాలు ఉచితం. అంటే 12,500 డాలర్లు యంత్రం గుండా పోయి రావాలి. యంత్రం నూటికి 8 ఉంచుకుంటుందనుకుంటే, మొదటి ఉచిత గ్లాసు పెదవికి తగిలేసరికి 1,000 డాలర్లు సముద్రంలో కలిసినట్టే. నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన గదితాళానికీ ఖర్చులకూ పనికివచ్చే ఆ కార్డును యంత్రంలో గుచ్చి, దాని మెలికల తాడును చొక్కా గుండీకి తగిలించుకొని కూర్చునేవారు. దూరంనుంచి చూస్తే యంత్రమే ఆయనను కట్టేసుకున్నట్టుండేది. గ్లాసు తెచ్చే అమ్మాయి రాగానే లేవబోయి, తాడు లాగి, మళ్లీ కూలబడేవారు.

నిర్వాహకుడు:

ఆ తాడుమీద ఎవరైనా పద్యం రాస్తే బాగుండును. 'వాన లేక' చర్చను ఇక్కడితో ఆపి అందరూ ఓడ ఎక్కవలసిందిగా ప్రార్థన.

తెరచాప:

ఎక్కుతున్నాను. విసంధి గారి ఆక్షేపణను గౌరవించి, ఈసారి సమస్యాపాదంలో కామా లేదు, విఱుపు లేదు, పండ్లరసం లేదు. ఆడుతున్నవారికే పోస్తారన్న గణగణ గారి నియమమే దీనికి ప్రాణం.

చేతిలోని బిళ్లలు వోయి శేష మొకటి
మిగిలియుండఁగ నదె చూపి మెల్లమెల్ల
నింకొక యుచితపాత్రకై యింతి నడుగ
నోడలో నోడినట్టివాఁ డోడలేదు

చిరుగజ్జె:

చివరి బిళ్లను చూపించి గ్లాసు అడగడం వరకు అర్థమైంది, నవ్వు కూడా వచ్చింది. కాని 'అడుగ నోడలేదు' అంటే ఏమిటి?

తెరచాప:

జంకలేదు అని. 'ఓడు' అంటే ఓటమి పొందడమే కాదు, జంకడం, వెనుదీయడం కూడా. 'ఓడక పలికెను' అంటే భయపడక పలికెనని. ధనం ఓడినవాడు గ్లాసు అడగడానికి మాత్రం ఓడలేదు.

ముత్యాలసరం:

ఒక్క పాదంలో ఓడ, ఓటమి, జంకు! బొటనవేలు కింద దాచిన వరుస ఇదేనేమో నిర్వాహకులు బావగారిని అడగాలి.

నిర్వాహకుడు:

అడిగాను. చివరి బిళ్ల ఆయన దగ్గరే ఉన్నదట, జ్ఞాపకంగా తెచ్చుకున్నారట. విసంధి గారు ఏమంటారు?

విసంధి:

నిఘంటువు తీసి చూచాను, అర్థం ఉన్నది. చే–శే యతికి అభ్యంతరం లేదు. 'శేషము' అన్న తరువాత 'మిగిలి' అనడం ఒకే సరుకుకు రెండుసార్లు వెల కట్టడం, అయినా బిళ్ల ఒక్కటే కనుక ఉపేక్షిస్తున్నాను. ఈ పద్యం బాగున్నది. 'వాన లేక' విషయంలో మాత్రం నా మాట మారలేదు.