కెమెరా లేకుండా ఇన్‌స్టాక్స్: పది షీట్లూ గులాబీ ముద్దలే. తప్పెక్కడ?

బాత్రూమ్‌ల్యాబ్:
మా నాన్నగారికి తెనాలిలో స్టూడియో ఉండేది. ఆయన ఎర్ర బల్బు కింద బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు కడుగుతుంటే స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని. ఆ ధైర్యంతో మొన్న రాత్రి బాత్రూమ్‌లో ఎర్ర బల్బు పెట్టి, ఇన్‌స్టాక్స్ మినీ (బొమ్మ తనంతట తనే తేలే ఇన్‌స్టంట్ ఫిల్మ్) షీట్లు ఒక్కొక్కటే తీసి, మీద అమ్మ గాజులు పెట్టి, ఫోన్ టార్చ్ ఒక్క సెకను వేశాను. అప్పడాల కర్రతో ఒత్తి లోపలి పేస్టు పరిచాను. పదికి పదీ పాలిపోయిన గులాబీ రంగు, మూలల్లో పేస్టు అందక మచ్చలు. గాజు జాడే లేదు. ప్యాక్ డబ్బులు తల్చుకుంటే నిద్ర పట్టలేదు.

చీకటిమావ:
తప్పు బల్బుదేనమ్మా. నాన్నగారి కాగితానికి ఎరుపు కనపడదు కాబట్టి అక్కడ చెల్లింది. ఇది కలర్ ఫిల్మ్, అన్ని రంగులూ చూస్తుంది, పైగా ఐఎస్‌ఓ 800, అంటే కొంచెం వెలుగు సోకినా పట్టేస్తుంది. కటిక చీకటి కావాలి. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కండి.

షీట్లు బయటికి తియ్యకండి. ఇన్‌స్టాక్స్‌కి వెలుగు పడాల్సింది వెనక నుంచి, బొమ్మ కనపడేది ముందు. చీకట్లో ఏది ఏదో ఎలా తెలుస్తుంది? పైనున్న నల్ల కవరు పోయాక కార్ట్రిడ్జ్ (షీట్లు ఉండే పెట్టె) కిటికీలో ఉండేది సరైన వైపే. ఆ 62×46 మిల్లీమీటర్ల కిటికీ మీదే గాజు పెట్టండి. టార్చ్ మరీ ఎక్కువ. ఫోన్ స్క్రీన్ వెలుగు బాగా తగ్గించి రెప్పపాటు చూపిస్తే చాలు. తర్వాత చీకట్లోనే కార్ట్రిడ్జ్‌ని కెమెరాలో పెట్టి, లెన్స్‌కి నల్ల టేపు అంటించి బటన్ నొక్కండి. కొత్త ప్యాక్ అనుకుని, నల్ల కవరుకు బదులు పై షీటును రోలర్ల మధ్య నుంచి తోసేస్తుంది, పేస్టు పరుచుకుంటుంది. కెమెరా లేకుండా అన్నారుగా అనకండి, ఇక్కడ కెమెరా ఒట్టి చెరకు మిషను.

వేలుకాలినవాడు:
ఆ అప్పడాల కర్ర ఇక వంటింట్లోకి వద్దు. పేస్టు ఘాటైన క్షారం. నేను పోలరాయిడ్ అంచు కత్తిరించి చూశా, వేలు చుర్రుమంది. గ్లౌజులు వేసుకోండి.

రసాయనాలతోనే ఆడాలనుంటే కెమిగ్రామ్ (ఫోటో కాగితం మీద రసాయనాలతో బొమ్మ చెయ్యడం) చూడండి. బెల్జియం కళాకారుడు పియర్ కోర్డియే 1956లో ఫోటో కాగితం మీద నెయిల్ పాలిష్‌తో మొదలెట్టాడు. పాలిషో మైనమో పూసి, డెవలపర్‌లో (కాగితాన్ని నల్లబరిచే ద్రవం), ఫిక్సర్‌లో (ఇక నల్లబడకుండా ఆపేది) మార్చి మార్చి ముంచడమే. మామూలు వెలుతురులోనే అవుతుంది.

బాత్రూమ్‌ల్యాబ్:
నిన్న రాత్రి కొత్త ప్యాక్. మొదటి మూడూ పోయాయి. నాలుగోదాంట్లో గాజు వచ్చింది! మొత్తం పట్టలేదు, అటొకటి ఇటొకటి ఆకుపచ్చ వంపులు, మధ్యలో లేత నీలం. ఒక వంపులో గాజు అతుకు నల్లగా, చీమంత. ఐదోదానికి గాజు తీసేసి, అగరొత్తి కొనను ఆనీ ఆనకుండా తిప్పాను. నల్లటి నలుపు మీద నారింజ రంగు గీత, తడి ముగ్గులా అంచులు చెదిరి.

నాన్నగారికి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఫోకస్ లేదేమే?" అన్నారు.