సంస్కారపు ఆదివారానికి ద్రాక్షరసం, రొట్టె ఇంట్లో చేయాలి: 60 మందికి లెక్క చెప్పండి

ఎస్తేరు_తెనాలి

అక్కలందరికీ వందనాలు. మా సంఘంలో నెలనెలా మొదటి ఆదివారం బల్ల (ప్రభు రాత్రి భోజన సంస్కారం) ఉంటుంది. ఇన్నాళ్లూ పాస్టరమ్మగారే రసం, రొట్టె చేసి తెచ్చేవారు. ఇప్పుడు స్త్రీల సమాజంలో వంతులు వేశారు, మొదటి వంతు నాది. బల్లలో పాలుపొందేవాళ్లు 60 మంది దాకా ఉంటారు. ఇంట్లో అవెన్ లేదు. గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్ ఉన్నాయి. ఆరాధన తొమ్మిదిన్నరకి. ఆదివారం పొద్దున పిల్లల్ని తయారుచేసి, అన్నం కూర వండిపెట్టి బయల్దేరాలి కాబట్టి ఆ రోజుకి ఏ పనీ మిగలకూడదు. రసం ఎంత ముందు చేస్తే పులవకుండా ఉంటుంది? రొట్టె పొద్దుటికి చపాతీలా సాగకుండా ఎలా? ఎంతెంత తీసుకోవాలో కూడా చెప్పండి.

కరుణ_రాజమండ్రి

వందనాలమ్మా. రసం సంగతి నేను చెప్తాను, రొట్టె నిర్మలగారు చెప్తారు, ఆమె చేయి తిరిగినవారు.

ముందు లెక్క. బల్ల కప్పులో అంచుదాకా పోస్తే 15 మి.లీ. దాకా పడుతుంది గానీ, 10 మి.లీ. పోస్తేనే ట్రే చేతులు మారేటప్పుడు తొణకదు. 60 మందికి 600 మి.లీ. పాస్టరుగారి పాత్రకి, అనుకోకుండా వచ్చేవాళ్లకి ఇంకో 200. కిలోన్నర ద్రాక్ష తెచ్చుకుంటే ఇది నిక్షేపంగా వస్తుంది, కాస్త మిగులుతుంది కూడా.

ఏ ద్రాక్ష అంటే, దొరికితే గింజలున్న నల్లద్రాక్ష, బెంగళూరు బ్లూ అనే రకం. తొక్క మందం, రంగు ముదురు, వాసన గట్టిది. కాకపోతే పులుపు. గింజలేని నల్లద్రాక్ష తియ్యగా ఉంటుంది గానీ వాసన అంతగా ఉండదు. రెండూ సగం సగం కలిపితే చక్కెర అక్కర్లేదు. అచ్చంగా బెంగళూరు బ్లూ అయితే కిలోకి 50 గ్రాముల చక్కెర చాలు. పచ్చద్రాక్షతో చేస్తే రసం గోధుమరంగుకి తిరుగుతుంది, వద్దు.

కాయలు గుత్తి నుంచి తుంపుతూ పగిలినవీ బూజు పట్టినవీ ఏరేయండి. కుళ్లిన కాయ ఒక్కటి పడినా గిన్నెడు రసానికీ ఆ వాసనే. ఉప్పునీళ్లలో పావుగంట ఉంచి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. కాయ మీద బూడిదలా కనిపించే తెల్లపొర పురుగుమందు కాదు, కాయకి సహజంగా ఉండే మైనం. అది పోయేదాకా రుద్దుతూ కూర్చోకండి.

మిక్సీ జోలికి పోవద్దు. గింజ నలిగితే వగరు, చేదు దిగుతాయి. చక్కెర ఎంత పోసినా ఆ వగరు పోదు. స్టీలు గిన్నెలో ద్రాక్ష వేసి, కిలోకి ఒక గ్లాసు (200 మి.లీ.) నీళ్లు పోసి సన్నసెగ మీద పెట్టండి. అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె పనికిరావు, పులుపు తగిలి రుచి మారిపోతుంది. పది నిమిషాలకి తొక్కలు చిట్లుతాయి. అప్పుడు పప్పుగుత్తితో మెల్లగా నొక్కండి, ఎనపకండి. ఇంకో పది నిమిషాలు ఉంచి దించేయండి. ఈ మధ్యలో తెర్లనివ్వకూడదు. అంచుల్లో చిన్న బుడగలు, పైన ఆవిరి, అంతవరకే. తెర్లిందంటే ద్రాక్ష వాసన పోయి జామ్ వాసన వస్తుంది.

మల్లుగుడ్డ ఉడికించి పిండి, జల్లెడ మీద పరిచి అందులో పోయండి. దానంతట అది దిగడానికి గంట పడుతుంది. మూటకట్టి పిండితే ఇంకో కప్పు వస్తుంది గానీ మడ్డి కూడా దిగి రసం మసకగా తయారవుతుంది. ప్రార్థన చేసుకుంటూ వండమని మనకి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పొయ్యి మీద ద్రాక్ష ఉన్నంతసేపూ కళ్లు తెరిచే ఉంచండి, వడకట్టే ఈ గంట ఖాళీయే. మొదటి కొరింథీ 11 చదువుకోవడానికైనా, 28వ వచనం ప్రకారం మనల్ని మనం పరీక్షించుకోవడానికైనా ఇంతకన్నా తీరిక ఆదివారం పొద్దున దొరకదు.

అసలు కీలకం రెండో కాపు. వడకట్టిన రసాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి, తెర్లు పట్టబోయే ముందు స్థాయిలో (థర్మామీటర్ ఉంటే 85 డిగ్రీలు) అయిదు నిమిషాలు ఉంచండి. మొదటిసారి కాచాం కదా అని దీన్ని మానేస్తారు. గుడ్డ నుంచి, గరిటె నుంచి, చేతుల నుంచి మళ్లీ ఈస్టు చేరుతుంది, రసం పులిసేది దానివల్లే. 1869లో అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌ల్యాండ్‌లో, థామస్ వెల్చ్ అనే పళ్ల డాక్టరు చర్చిలో బల్ల కోసం పులవని ద్రాక్షరసం చేసింది ఈ కిటుకుతోనే. వైన్ చెడిపోకుండా పాశ్చర్ కనిపెట్టిన సూత్రాన్ని ఆయన ద్రాక్షరసానికి వాడాడు.

గాజుసీసా, మూత పది నిమిషాలు నీళ్లలో మరిగించి, సీసా వేడిగా ఉండగానే వేడి రసం పోయండి. చల్లటి సీసాలో పోస్తే పగులుతుంది. మూత బిగించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి. తెరవకుండా ఉంచితే వారం ఢోకా లేదు. మన ఎండాకాలంలో రాత్రంతా బయట వదిలేస్తే మాత్రం నమ్మకం లేదు. మూత తీయగానే బుస్సుమన్నా, అంచున నురగ ఉన్నా, ముక్కుకి ఘాటుగా తగిలినా అది పులిసినట్టే, బల్లకి తీసుకెళ్లకండి. మానేసిన తాగుడు మళ్లీ తమని పట్టకూడదని జాగ్రత్తపడేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు.

ఇంకొకటి. ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు ఉన్నాక సీసా అడుగున మెరిసే పలుకులు కనిపిస్తాయి. గాజు పెంకులేమోనని హడలిపోయి మొత్తం పారబోస్తారు. అది ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లపు ఉప్పు, చల్లదనానికి అడుగున పేరుకుంటుంది. హాని లేదు, కాకపోతే పంటికింద కరకరమంటుంది. అందుకే శుక్రవారం రాత్రి చేసేయండి. ఆదివారానికల్లా పలుకు మొత్తం అడుక్కి దిగుతుంది. సీసా కదపకుండా పైన తేటగా ఉన్న రసం వంచుకుని, అడుగున అంగుళం వదిలేయండి.

ద్రాక్ష దొరకని నెలల్లో నల్ల ఎండుద్రాక్ష పావుకిలో కడిగి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, అదే నీళ్లతో ఇరవై నిమిషాలు సన్నసెగన ఉడికించి వడకట్టండి. రంగు కాస్త ఎర్రమట్టి రంగులో ఉంటుంది, రుచి బాగానే ఉంటుంది. బజారు స్క్వాష్ నీళ్లలో కలిపి పోయడం నాకైతే నచ్చదు. దాంట్లో పండు కన్నా చక్కెర, రంగు ఎక్కువ.

నిర్మల_సికింద్రాబాద్

రొట్టె శనివారం సాయంత్రం చేయండి, ముప్పావుగంట పని.

మైదా ఒక కప్పు (125 గ్రా.), ఉప్పు చిటికెడు, నూనె టేబుల్ స్పూనున్నర. ముందు నూనె పిండికంతా పట్టేలా వేళ్లతో రుద్దాలి, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలబడాలి. తర్వాత గోరువెచ్చటి నీళ్లు 50 మి.లీ. దాకా కొద్దికొద్దిగా పోస్తూ పూరీ పిండికన్నా గట్టిగా కలపండి. ఈస్టు, వంటసోడా, పెరుగు ఏవీ పడకూడదు. పులియని రొట్టె అన్నాక పొంగించేది ఏదైనా పులిసిన పిండి కిందే లెక్క. తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు వదిలేయండి. అలా వదలకపోతే ఎంత ఒత్తినా వెనక్కి ముడుచుకుంటుంది.

రెండు ఉండలు చేసి, ఒక్కోటీ 18 సెంటీమీటర్ల బిళ్లగా, 3 మి.మీ. మందాన ఒత్తండి. రెండింటినీ ఫోర్కుతో వేలెడు వేలెడు దూరంలో అడుగుదాకా గుచ్చాలి, లేకపోతే పుల్కాలా పొంగుతుంది. ఒకదాన్ని పాస్టరుగారు విరవడానికి అలాగే ఉంచండి. రెండోదాని మీద స్కేలు పెట్టి కత్తితో సగం లోతు దాకా ఒకటిన్నర సెంటీమీటరు గళ్లు గీయండి. అంచు ముక్కలు పోను 80 దాకా వస్తాయి. ఈ గీతలు పచ్చి పిండి మీదే గీయాలి. కాలాక కోస్తే సగం పొడి అవుతుంది, ఆ పొడి ట్రేలోనూ బల్లగుడ్డ మీదా రాలుతుంది.

అవెన్ లేదన్నారు కాబట్టి మందపాటి పెనం. బాగా వేడెక్కాక మంట పూర్తిగా తగ్గించి, నూనె రాయకుండా బిళ్ల వేయండి. ఒక్కో వైపు అయిదారు నిమిషాలు. పొంగుతున్న చోటల్లా మడిచిన గుడ్డతో అదమండి. అక్కడక్కడ లేత బంగారు రంగు వస్తే చాలు. మంట కట్టేశాక ఆ వేడి పెనం మీదే ఇంకో పావుగంట వదిలేయండి, ఆరిపోయి కరకరలాడుతుంది. సాగడానికి కారణం లోపల మిగిలిన తేమ. మంట పెద్దది పెడితే పైన మచ్చలు పడి లోపల పచ్చిగా ఉంటుంది, పొద్దుటికి తోలులా తయారవుతుంది. (అవెన్ ఉన్నవాళ్లకి: 180 డిగ్రీలు, 12 నుంచి 15 నిమిషాలు.)

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే ఆ ఆవిరికే మెత్తబడిపోతుంది. గోధుమపిండితోనూ చేయవచ్చు గానీ పొట్టు వల్ల ముక్క విరిచేటప్పుడు ఎక్కువ రాలుతుంది. పాలు, చక్కెర వేసేవాళ్లున్నారు, పెనం మీద అవి త్వరగా మాడతాయి, పైగా అది బిస్కట్ అవుతుంది, రొట్టె కాదు.

కప్పుల్లో రసం పోయడానికి మందుల షాపులో సూది లేని 50 మి.లీ. కొత్త సిరంజి కొనుక్కోండి. ఒకసారి నింపితే అయిదు కప్పులు, ఒక్క చుక్క బయట పడదు. 60 కప్పులకి పది నిమిషాలు. ఇంట్లో నింపి ఆటోలో తీసుకెళ్లే సాహసం చేయకండి. సీసా తీసుకెళ్లి చర్చిలోనే నింపి, వెంటనే గుడ్డ కప్పండి, పండ్ల ఈగలు ఎక్కడుంటాయో గానీ క్షణంలో వాలతాయి.

ఎస్తేరు_తెనాలి

అక్కా, చాలా థాంక్స్. ఇంకో రెండు సందేహాలు. బల్లగుడ్డ ఉతికే వంతు కూడా నాదే, తెల్ల కాటన్ గుడ్డ, రసం మరక పడితే ఎలా? రెండోది అడగడానికి మొహమాటంగా ఉంది. వచ్చే నెల వంతు సరిగ్గా నెలసరి రోజుల్లో పడేలా ఉంది. మా అత్తమ్మ ఆ రోజుల్లో రొట్టె ముట్టుకోవద్దంటున్నారు. మిగిలిన రసం, రొట్టె ఏం చేయాలో కూడా తెలియదు.

నిర్మల_సికింద్రాబాద్

మరక పడగానే సబ్బు పెట్టకండి. ద్రాక్ష రంగు సబ్బు, సోడా తగిలితే నీలంగా, పచ్చగా మారి గుడ్డకి పట్టేస్తుంది. ముందు చల్లనీళ్లతో జాడించి, మరకని గిన్నె మూతి మీద బిగించి పట్టుకుని, మరుగుతున్న నీళ్లు జానెడు ఎత్తు నుంచి ధారగా పోయండి. మిగిలినదాని మీద నిమ్మరసం పిండి పది నిమిషాలు ఉంచి జాడించండి. మామూలుగా ఉతకడం ఆ తర్వాతే. ఇది కాటన్ గుడ్డకే, పాలిస్టర్ లేసు ఉంటే మరిగే నీళ్లు పోయకండి. గంజి పలచగా పెట్టండి, మరీ బిర్రుగా ఉంటే ట్రే జారుతుంది.

మార్తమ్మ_నెల్లూరు

రెండో సందేహానికి మొహమాటం దేనికమ్మా, ప్రతి స్త్రీల సమాజంలోనూ వచ్చే ప్రశ్నే. లేవీయకాండం 15లో ఆ నియమం ఉంది, నిజమే, అది గుడారపు ఆరాధన నాటిది. మార్కు 5:25-34లో పన్నెండేళ్లుగా రక్తస్రావం ఉన్న స్త్రీ ప్రభువు వస్త్రం ముట్టుకుంది. ఆయన ఆమెని కుమారీ అని పిలిచి సమాధానంతో పంపాడు, మైలపడ్డానని అనలేదు. కొత్త నిబంధనలో బల్లకి దూరంగా ఉండమని గానీ రొట్టె చేయవద్దని గానీ ఎక్కడా లేదు. మన ఇళ్లలో ఈ పట్టింపు చుట్టుపక్కల ఆచారం నుంచి వచ్చింది. అయితే అత్తమ్మగారితో మీరు వాదన పెట్టుకోకండి. పాస్టరమ్మగారి చెవిన వేయండి, ఆవిడ వచ్చి రెండు ముక్కలు చెప్తే పెద్దవాళ్లు వింటారు. కడుపునొప్పితో నిలబడలేని పరిస్థితి అయితే వంతు మార్చుకోండి, అది ఆరోగ్యం సంగతి, మైల సంగతి కాదు.

మిగిలినవాటికి సంఘాన్ని బట్టి పద్ధతి. కొన్నిచోట్ల ప్రార్థన చేసిన రొట్టె, రసం పాస్టరుగారూ సంఘపెద్దలూ అక్కడే పుచ్చుకుంటారు. కొన్నిచోట్ల రసం మొక్క మొదట్లో పోస్తారు. ఇంకొన్ని సంఘాల్లో ప్రార్థన అయ్యాక మిగిలింది మామూలు ఆహారమే అంటారు. మీ పాస్టరుగారిని ఒకసారి అడిగి, ఆ పద్ధతి వంతుల నోటుబుక్కులో రాసిపెట్టండి, తర్వాతి వంతు వాళ్లు మళ్లీ అడగక్కర్లేకుండా. ఏ సంఘమైనా సింకులో పారబోయడం, చెత్తబుట్టలో వేయడం మాత్రం చేయకండి, చూసినవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. సీసాలో ఉండిపోయి బల్ల మీదికి రాని రసానికి ఈ పట్టింపులేవీ లేవు, పిల్లలకి పోసేయండి.

ఇది చదివే ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) అక్కలకి ఒక మాట. మీ గుడికి ఇంటి రసం పనికిరాదు. కానన్ లా (కాథలిక్ చర్చి చట్టం) 924 ప్రకారం అచ్చమైన గోధుమ రొట్టె, చెడని సహజమైన ద్రాక్ష వైన్ ఉండాలి, ఆ ఏర్పాటు గురువులే చూసుకుంటారు. బ్రదరన్ సహవాసాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు కాబట్టి అక్కడ కరుణగారి లెక్కని నాలుగింతలు చేసి ఒకేసారి కాచి, ప్లాస్టిక్ సీసాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. రసం పూర్తిగా చల్లారాకే పోయాలి, పైన రెండు వేళ్లు ఖాళీ వదలాలి. గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది. శుక్రవారం రాత్రి ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చండి.

కరుణ_రాజమండ్రి

షుగరున్నవాళ్లు అడుగుతారు, ముందే చెప్తున్నా: 10 మి.లీ. రసంలో చక్కెర గ్రామున్నర పైచిలుకు ఉంటుంది, అంతే. వాళ్ల కోసం వేరే కాచనక్కర్లేదు. గోధుమ పడనివాళ్లు మాత్రం ఉంటే ముందే తెలుసుకుని పాస్టరుగారికి చెప్పండి. ముక్క మానేసి రసం ఒక్కటే తీసుకుంటారా, వేరే పిండితో చేయాలా అన్నది ఆయన చెప్తారు. వేరే పిండితో చేస్తే పెనం, పీట, కర్ర శుభ్రంగా కడిగి దాన్నే ముందు కాల్చండి. మైదా బిళ్లలు ఆ తర్వాత.