లాడ్జి తాగునీటికి యూవీసీ ఎల్ఈడీ చాంబర్: ఎన్ని ఎల్ఈడీలు, ఏ డ్రైవరు?

తిరుచానూరు_రోడ్డు:
అందరికీ నమస్కారం. తిరుపతిలో చిన్న లాడ్జి మాది. బోరు నీళ్లు ఆర్వోలో పోయి 500 లీటర్ల స్టీలు ట్యాంకులో నిలవ ఉంటాయి. అక్కడి నుంచి వరండాలో కుళాయికి వచ్చే లైన్లో యూవీ (క్రిములను చంపే అతినీలలోహిత కాంతి) పెట్టాలి. కుళాయి రోజుకు వందలసార్లు తిప్పుతారు. పాదరసం యూవీ ట్యూబును అన్నిసార్లు వెలిగించి ఆర్పితే ఆయుష్షు పోతుంది, పైగా వేడెక్కేదాకా పూర్తి బలం రాదు. అందుకే ఎల్ఈడీ అనుకుంటున్నాం. కుళాయి ధార నిమిషానికి 2 లీటర్లు. 395 నానోమీటర్ల (కాంతి తరంగదైర్ఘ్యం) ఊదారంగు ఎల్ఈడీ స్ట్రిప్పు చాలా చౌకగా దొరుకుతోంది, 275 నానోమీటర్లది ఒక్కో ఎల్ఈడీయే ఖరీదు. స్ట్రిప్పుతో పని జరగదా? 275వి అయితే ఎన్ని కావాలి? నీళ్ల మీద కాంతి పడే చాంబర్ దేనితో చేయించాలి?

కిరణమాపకం:
స్ట్రిప్పు మాట మరచిపోండి అన్నా. క్రిమి డీఎన్‌ఏ కిరణాన్ని బాగా పీల్చుకునేది 265 నానోమీటర్ల దగ్గర. 275 దానికి చేరువే, పనిచేస్తుంది. 395 దగ్గర డీఎన్‌ఏ దాదాపు ఏమీ పీల్చుకోదు. కంటికి ఊదాగా ఎంత మెరిసినా పారే నీళ్లలో దాని వల్ల ఫలితం లేదు.

లెక్క చూద్దాం. తాగునీటి యూవీకి పెట్టుకోవాల్సిన మోతాదు చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్లు. ఈ.కోలై బ్యాక్టీరియాకు ఇది చాలా ఎక్కువే. అడినోవైరస్ లాంటి మొండివాటికి మాత్రం చాలదు.

చాంబర్ పెద్దది చేస్తే నీళ్లు ఎక్కువసేపు ఉంటాయి కదా అని చాలామంది అనుకుంటారు. కానీ పెద్ద చాంబర్లో కాంతి అంతే పలచబడుతుంది, రెండూ కొట్టేసుకుంటాయి. మిగిలేది ఇది: మోతాదు = మొత్తం యూవీ మిల్లీవాట్లు × కిరణం నీళ్లలో ప్రయాణించే సగటు దూరం (సెం.మీ.) ÷ ధార (సెకనుకు మి.లీ.). మీ ధార సెకనుకు 33 మి.లీ. ఇక మన చేతిలో ఉన్నవి వాట్లు, దూరం, అంతే.

ఆ దూరాన్ని పెంచేది గోడ. స్టీలు గోడ ఈ కిరణంలో మూడో వంతు కూడా తిప్పికొట్టదు, కాబట్టి 5 సెం.మీ. దగ్గరే ఆగిపోతాం. లోపల మందపాటి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) తొడుగు వేస్తే కిరణం పదేపదే చిమ్ముకుంటూ 20 సెం.మీ. దాకా తిరుగుతుంది. పలుచని షీటు వద్దు, కాంతి దాని గుండా అవతలికి జారిపోతుంది. 8 నుంచి 10 మి.మీ. మందం ఉండాలి.

నీళ్లు కూడా కిరణాన్ని తింటాయి. ఆర్వో నీళ్లు సెంటీమీటరుకు 98 శాతం కిరణాన్ని దాటనిస్తే ఆ 20 కాస్తా 14 అవుతుంది. ఆర్వో లేకుండా నేరుగా బోరు నీళ్లు పోసి, అవి 90 శాతమే వదిలాయనుకోండి, 6.5కు పడిపోతుంది. యూవీని ఆర్వో తరవాతే, ట్యాంకుకూ కుళాయికీ మధ్యనే పెట్టాలని చెప్పేది అందుకే. ట్యాంకులో నిలవ ఉన్నప్పుడు చేరే క్రిములకూ అదే సరైన చోటు.

ఇప్పుడు ఒక్కోటి 50 మిల్లీవాట్ల ఎల్ఈడీలు నాలుగు: 200 × 14 ÷ 33 = 85. చూడ్డానికి బాగుంది. దీన్ని ఎల్ఈడీలకూ నీళ్లకూ మధ్య ఉండే క్వార్ట్జ్ గాజుకు 0.92తో, వేడికీ వయసుకూ కలిపి 0.7తో, నీళ్లు అడ్డదారిన జారిపోవడానికి 0.5తో గుణించండి. 27 మిగులుతుంది. ఆరు పెడితే 41. కాబట్టి ఆరు. ధార 3 లీటర్లయితే ఆరు పెట్టినా మళ్లీ 27కే వస్తారు. 2 లీటర్లు దాటకుండా లైన్లో ఫ్లో రిస్ట్రిక్టర్ తప్పనిసరి.

పలమనేరు_బోర్డులు:
కిరణమాపకం గారి లెక్కకు నా వైపు నుంచి వేడి, కరెంటు.

ఈ ఎల్ఈడీలు తీసుకున్న కరెంటులో రెండు మూడు శాతమే కాంతిగా ఇస్తాయి, మిగతాదంతా వేడి. ఒక్కోటి 350 మిల్లీయాంపులు, 6 వోల్టుల చొప్పున ఆరింటికి 12 వాట్లు దాటుతుంది. మే నెల తిరుపతిలో గాలి 40 డిగ్రీలు దాటుతుంది, మూసిన పెట్టెలో హీట్‌సింకును నమ్ముకోవద్దు. ఎల్ఈడీలు అతికించే అల్యూమినియం బేస్ పీసీబీని (సర్క్యూట్ బోర్డును) చాంబర్ మూతకే థర్మల్ పేస్టుతో బిగించండి, అవతలి వైపు నీళ్లు తగలాలి. ధార ఉన్నంతసేపు 12 వాట్లకు నీళ్లు పదో వంతు డిగ్రీ కూడా వేడెక్కవు. ధార ఆగితే మాత్రం, చాంబర్లో 200 మి.లీ. ఉన్నాయనుకుంటే, ఆ నీళ్లు నిమిషానికి దాదాపు ఒక డిగ్రీ పెరుగుతాయి. ఫ్లో సెన్సర్‌తో ఆర్పేయండి, పీసీబీ మీద 70 డిగ్రీల థర్మల్ స్విచ్ కూడా పెట్టండి.

ఆరింటినీ సిరీస్‌లోనే కలపండి. పేరలల్‌లో పెడితే వోల్టేజీ కొంచెం తక్కువున్న ఎల్ఈడీ కరెంటు ఎక్కువ లాగి ముందు పోతుంది. మొత్తం 36 వోల్టులు, పీసుకు పీసుకు తేడాతో 45 దాకా పోవచ్చు. 48 వోల్టుల ఎస్ఎంపీఎస్ (మెయిన్స్ కరెంటును డీసీగా మార్చే పవర్ సప్లై), దాని వెనక 350 మిల్లీయాంపుల కాన్‌స్టంట్ కరెంట్ బక్ డ్రైవరు (వోల్టేజీ తగ్గించి కరెంటును స్థిరంగా ఉంచేది) సరిపోతుంది.

కరెంటు పోయినా, ఒక ఎల్ఈడీ తెగినా కుళాయిలో నీళ్లు రాకూడదు. ఆ సిరీస్ వరసలో (స్ట్రింగులో) కరెంటు పారుతోందని సెన్స్ చేసి, అప్పుడే ఆర్వోల్లో వాడే 24 వోల్టుల సొలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునేది) తెరుచుకునేలా పెట్టండి. అయితే ధార మొదలయ్యాక ఎల్ఈడీ వెలగాలంటే, వాల్వు మూసి ఉంటే ధారే రాదు. అందుకని కుళాయికి లీవరు బదులు పుష్ బటన్ పెట్టండి: నొక్కగానే ముందు ఎల్ఈడీ, కరెంటు సరిగా ఉంటే వెంటనే వాల్వు. ఫ్లో సెన్సర్ అప్పుడు కాపలాకు మాత్రమే. ఒక ఎల్ఈడీ షార్టయితే కరెంటు ఆగదు. స్ట్రింగు వోల్టేజీ 4 వోల్టులు తగ్గినా వాల్వు మూసేయాలి.

అతికించేటప్పుడు సోల్డర్ పేస్టు వేసి హాట్‌ప్లేట్ మీదే చేయండి. సోల్డరింగ్ ఐరన్‌తో ఎల్ఈడీ కింది థర్మల్ ప్యాడ్ అంటదు, అంటినా మధ్యలో గాలి బుడగలుండి ఎల్ఈడీ లోపలే ఉడికిపోతుంది. స్టాటిక్‌కు ఇవి చాలా సున్నితం, రిస్ట్ స్ట్రాప్ తప్పదు. ఎల్ఈడీ పైనున్న గాజు కిటికీ మీద వేలు పడితే ఆ జిడ్డే కిరణాన్ని ఆపుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

తిరుచానూరు_రోడ్డు:
చాలా థాంక్స్ అన్నా. రెండు సందేహాలు. క్వార్ట్జ్ బదులు యాక్రిలిక్ ముక్క వాడొచ్చా? బ్రహ్మోత్సవాలప్పుడు బాటిళ్లు పట్టుకునేవాళ్లు వరసగా నిలబడతారు, రెండో కుళాయి పెడితే ఇదే చాంబర్ సరిపోతుందా?

కిరణమాపకం:
యాక్రిలిక్, పాలీకార్బొనేట్, మామూలు గాజు, ఏదీ 275ను వదలదు. 2 మి.మీ. ఫ్యూజ్డ్ క్వార్ట్జ్ బిళ్ల ఒక్కటే దారి. దాని ఓ-రింగ్ విటాన్ రబ్బరుది వేసి, వెలుతురు తగలని గాడిలో కూర్చోబెట్టండి. ఏబీఎస్, పీవీసీ ఫిట్టింగులకు నేరుగా కిరణం తగిలితే పెళుసెక్కి పగులుతాయి, ఇన్‌లెట్, అవుట్‌లెట్ దగ్గర ఒక మలుపు ఇవ్వండి. రెండో కుళాయికి రెండో చాంబరే పెట్టండి. ఒకే చాంబర్లో ధార రెట్టింపైతే మోతాదు సగం.

పరీక్ష మాట. లోపల నీలంగా మెరవడం దేనికీ సాక్ష్యం కాదు. ఆర్వో నీళ్లలో ఈ.కోలై మొదటే లేకపోవచ్చు, అప్పుడు యూవీ వల్ల పోయిందో ముందే లేదో తెలియదు. అందుకని మొత్తం బ్యాక్టీరియా కౌంట్ చేయించండి. వాల్వును చేత్తో తెరిచి ఎల్ఈడీలు ఆర్పి ఒక శాంపిలు, వెలిగించి ఇంకొకటి, రెండూ పూర్తి ధారలో. కుళాయి మూతిని స్పిరిట్‌తో తుడిచి, కొంచెంసేపు నీళ్లు వదిలి, ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ సీసాలో పట్టి ఐసులో పెట్టి ఆరు గంటల్లోపు ఇవ్వండి.

మూత తెరిచి వెలిగించి చూడకండి. ఆరు ఎల్ఈడీలకు ఎదురుగా 10 సెం.మీ. దూరంలో మూడు సెకన్లకే కంటికీ చర్మానికీ 8 గంటల్లో తగలదగిన పరిమితి, అంటే చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీజౌళ్లు, అయిపోతుంది. అప్పుడు ఏమీ అనిపించదు, కొన్ని గంటల తరవాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట. మూతకు మైక్రోస్విచ్ పెట్టి, తెరవగానే 48 వోల్టులు తెగేలా వైరింగు చేయండి.

పలమనేరు_బోర్డులు:
ఒకటి చేర్చాలి. ఆర్వో మెంబ్రేన్ పాతబడి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) పెరిగితే బోరు ఉప్పు క్వార్ట్జ్ మీద తెల్లటి పొరగా పడుతుంది. నెలకోసారి టీడీఎస్ చూసుకోండి, పొర కనిపిస్తే సిట్రిక్ యాసిడ్ నీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి తుడవండి, గీకొద్దు. చాంబర్ తరవాత కుళాయి దాకా పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. యూవీ నీళ్లలో ఏమీ మిగల్చదు కాబట్టి ఆ పైపులో రాత్రంతా నిలిచిన నీళ్లను పొద్దున వదిలేయాలి.