బేకింగ్‌ని ‘ఆరబెట్టడం’ అనొచ్చా?

ప్రశ్న – విజయవాడ, ఆటోనగర్
వెల్డర్ టెస్టుకి తయారయ్యే కుర్రాళ్ల కోసం తెలుగులో ఒక కాగితం రాస్తున్నాం. ‘లో హైడ్రోజన్’ రాడ్ల (పూతలో తేమ చాలా తక్కువగా ఉండాల్సిన వెల్డింగ్ రాడ్లు) దగ్గర ఆగిపోయాం. ఆ రాడ్లని ఓవెన్‌లో వేడిచేసే ‘బేకింగ్’ ఉన్నచోటల్లా ‘ఆరబెట్టడం’ అని రాస్తే నప్పుతుందా? హైడ్రోజన్ బదులు ‘ఉదజని’ పెట్టమని ఒకరి పట్టు.

వెల్డింగ్ బోధకుడు, గుంటూరు
‘ఆరబెట్టడం’ వద్దండి. మన వైపు ఆ మాట వింటే కల్లంలో మిర్చే మెదులుతుంది. రాడ్లు రేకు మీద పరిచి ఎండలో పెడితే చాలనుకుంటారు. పోవాల్సింది పైన అంటిన చెమ్మ ఒక్కటే కాదు, పూతని పట్టి ఉంచే సిలికేట్ బంకలో ఇంకిన తేమ. దానికి ఎండ ఏ మూలకి? ఉక్కు కట్టడాల వెల్డింగ్‌కి నియమాలు చెప్పే అమెరికన్ కోడ్ డీ1.1 ప్రకారం ఈ7018 అనే రకం రాడ్డుకి ఓవెన్‌లో 260–430 డిగ్రీల సెల్సియస్ మధ్య 2 గంటలు, ఈ8018, ఈ11018 లాంటి హై స్ట్రెంత్ రాడ్లకి 370–430 మధ్య గంట. తయారీదారు డబ్బా మీద రాసింది కూడా చూసుకోవాలి. చల్లటి రాడ్లని నేరుగా ఆ వేడిలో పెట్టకూడదు. ముందు అందులో సగం వేడికి మించకుండా కనీసం అరగంట ఉంచి, తర్వాత పెంచాలి. లేకపోతే పూత చిట్లే ప్రమాదం ఉంది.

తెలుగు మాస్టారు, గుంటూరు
మరి ‘కాల్చడం’? పొట్టి మాట, అందరికీ తెలిసిందే.

వెల్డింగ్ బోధకుడు
అది ఇంకా చేటండీ. రాడ్డుని జాబ్‌కి (వెల్డ్ చేసే ముక్కకి) అతికించి ఎర్రబడేదాకా కరెంటు పంపడం, గ్యాస్ మంట చూపించడం కొన్ని షాపుల్లో ఉన్నదే. ‘కాల్చు’ అని రాస్తే ఆ పనికి మనమే ఒప్పుకున్నట్టు. బేకింగ్ అన్న మాటే ఉంచండి, మొదటిచోట ‘ఓవెన్‌లో పెట్టి తేమ తీయడం’ అని విప్పి రాయండి. హోల్డింగ్ వేరు: బేకింగ్ అయిన రాడ్లని 120 డిగ్రీలకి తగ్గకుండా ఉంచడం. దానికి ‘వేడి నిలపడం’ అనండి. రెంటికీ ఒకే మాట వాడితే 120 దగ్గరే బేకింగ్ అయిపోయిందనుకుంటారు.
బయటికి తీశాక గడువు కూడా రాయండి: ఈ70 రకానికి 4 గంటలు, ఈ80కి 2, ఈ90కి 1, ఈ100, ఈ110లకి అరగంట. గడువు దాటితే మళ్లీ బేకింగ్ ఒక్కసారే. నీళ్లలో తడిస్తే పారేయడమే.

తెలుగు మాస్టారు
‘ఉదజని’ మంచి మాటే, తెలుగు మీడియం పుస్తకాల్లో చదువుకున్నదే. కానీ డబ్బా మీద కనిపించేది హైడ్రోజన్. ఒకచోట ‘హైడ్రోజన్, అంటే ఉదజని’ అని చెప్పి వదిలేయండి. నా పట్టింపు ఇంకోటి: ‘డిలేడ్ క్రాక్’ని ‘ఆలస్యపు పగులు’ అనొద్దు. ‘తర్వాత తేలే పగులు’ అంటే కుర్రాడికి అందుతుంది.

వెల్డింగ్ బోధకుడు
బాగుంది. తేమ ఆర్క్‌లో (రాడ్డు కొనకీ ముక్కకీ మధ్య వెలిగే కరెంటు మంటలో) విడిపోయి హైడ్రోజన్ అవుతుంది, కరిగిన లోహంలో కలుస్తుంది. చల్లారాక జాయింట్ పక్కన గట్టిపడిన ఉక్కులోకి పాకి పగులు తెస్తుంది. అప్పటికి బీడ్ (వెల్డింగ్ గీత) పైకి నున్నగానే కనిపిస్తుంది. ఏ514 లాంటి గట్టి ఉక్కుకి వెల్డింగ్ అయిన 48 గంటల తర్వాతే తనిఖీ అని కోడ్ చెప్పేది అందుకే.

ప్రశ్న అడిగినవారు
పోరాసిటీకి, అంటే వెల్డ్‌లో గాలి చిక్కి పడే చిన్న బెజ్జాలకి, ‘రంధ్రాలు’ అని రాశాం.

వెల్డింగ్ బోధకుడు
‘సూది బెజ్జాలు’ అనండి, చూడగానే గుర్తుపడతారు. ఈ రాడ్లతో అవి ఎక్కువగా బీడ్ మొదట్లోనే పడతాయి. వెళ్లే దిక్కున ఒక 10 మిల్లీమీటర్లు ముందు ఆర్క్ కొట్టి, మొదలుపెట్టాల్సిన చోటికి వెనక్కి వచ్చి, అక్కణ్ణుంచి దాని మీదుగా సాగితే మొదటి బెజ్జాలు మళ్లీ కరిగిపోతాయి. ఆర్క్ పొట్టిగా ఉండాలి. 6010 అనే ఇంకో రకం రాడ్డుతో అలవాటైనట్టు రాడ్డుని ముందుకీ వెనక్కీ విసరకూడదు: ఆర్క్ పొడుగై గాలి చొరబడుతుంది. వెల్డ్ చేసిన ముక్కని వంచి చూసే బెండ్ టెస్టులో 3 మిల్లీమీటర్లు దాటిన ఒక్క లోపం తెరుచుకున్నా ముక్క ఫెయిల్. ఆ సంఖ్య పక్కనే ‘సూది బెజ్జాలు’ అచ్చువేయండి.